గంజాయి విత్తు: దాని వంశధర్మములు, సంగ్రహణ మర్యాదలు

ఇటీవలి కాలమున మన సంఘ సభ్యులలో పెక్కుమంది మమ్ము నొక విషయమును గూర్చి ప్రశ్నించుచున్నారు. 2018 సంవత్సరమున ఉత్తరాఖండ రాష్ట్రమున నార కొఱకును గింజ కొఱకును గంజాయి జాతి మొక్కను సాగుచేయుటకు అనుమతి యొసంగిరని విన్నామనియు, అట్టి విత్తనములను తెచ్చి యిత్తుమని కొందఱు తమ యూళ్లకు వచ్చుచున్నారనియు, వారి మాటలను నమ్మవచ్చునా యనియు వారడుగుచున్నారు. ఒకరిద్దఱు ఉత్సాహవంతులు దేశీయ వంగడములు నశింపకుండ వాని విత్తులను సేకరించి యుంచుట మంచిది కాదా యని కూడ వ్రాసినారు. ఈ రెండు ప్రశ్నలకును సమాధానము ఆ మొక్క యొక్క వంశధర్మములలోనే యున్నది. కావున నీ నెల పాఠమునకు దానినే గైకొంటిమి.

మొదటనే యొక మాట. ఇది సాగు నేర్పు వ్యాసము కాదు. 1985 సంవత్సరపు మాదకద్రవ్యముల చట్టము ప్రకారము అనుమతి లేక గంజాయి మొక్కను పెంచుట నేరము. పదియేండ్ల వఱకు కఠిన కారాగారమును, లక్ష రూపాయల వఱకు జుల్మానాయు విధింపవచ్చును. ఆంధ్రదేశమున ఏ రైతునకును తన యిష్టము చొప్పున దీనిని విత్తుటకు హక్కు లేదు. ఐనను తెలియని వస్తువును గూర్చియే మనుష్యుడు సులభముగా మోసపోవును గనుక తెలిసికొనుట యవసరము.

పేరులలోని చిక్కు

వ్యాపార ప్రకటనలలో హెంపు అను మాట తఱచు కానవచ్చును. ఆ మాట విని ఇది యే మొక్కయో నిశ్చయించుకొనుట సాధ్యము కాదు. మనము పచ్చిరొట్టకై వేయు జనుమును వారు సన్ హెంపు అందురు. అది చిక్కుడు కుటుంబమునకు చెందినది. శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములలో పండు గోగును దక్కను హెంపు అనియు, భీమునిపట్నము రేవునుండి ఎగుమతి యగుచుండుట చేత బిమ్లీ జనపనార యనియు పిలిచిరి. అది బెండ, పత్తి కుటుంబములోనిది. కిత్తనారను సిసల్ హెంపు అందురు. మనిల్లా హెంపు అనునది అరటికి దాయాది. వీనిలో నేదియు గంజాయి కాదు, వీనిని పండించుటకు నిషేధమును లేదు. గోగులో నొక తెగ యాకు చీలికలు చీలికలుగా నుండి గంజాయి యాకును పోలియుండును; దాని శాస్త్రీయనామములో కన్నాబినస్ అను పదము చేరుటకు కారణ మిదియే. కావున హెంపు విత్తనములని యెవరైన చెప్పినచో, ఏ హెంపు అని అడుగవలయును. అతడు తడుముకొన్నచో బేర మచ్చటనే ముగింపవచ్చును.

నిజమైన గంజాయి మొక్కకు లిన్నేయస్ 1753 లో కన్నాబిస్ సటైవా యని నామకరణము చేసెను. 1785 లో లామార్క్ అను ఫ్రెంచి పండితుడు మన దేశమునుండి వచ్చిన మొక్కలను పరిశీలించి, ఇది వేఱు జాతియని తలచి ఇండికా యని మఱియొక పేరు పెట్టెను. ఇవి రెండు జాతులా, ఒకే జాతియా యను వాద మిప్పటికిని తీరలేదు గాని, ఒకదానితో నొకటి కలసి చక్కగా గింజ కట్టుచున్నవి గనుక ఒకే జాతియని తలచువారే యెక్కువ. నార తీయు మొక్కయు మత్తునిచ్చు మొక్కయు ఈ యొక్క జాతిలోనివే. మన చిక్కంతయు నిక్కడనే యున్నది.

పోతు, పెంటి

తాటితోపు నెఱిగిన తెలుగు రైతునకు ఈ మొక్క స్వభావమును వివరించుట కష్టము కాదు. తాటిలో పోతుతాడు వేఱు, పెంటితాడు వేఱు. ఒకటి గెలవేసి పుప్పొడి రాల్చును, రెండవది కాయ కాయును. గంజాయియు నట్లే. పోతుమొక్క సన్నముగా నెదిగి, ముందుగా పూచి, పుప్పొడి రాల్చి యెండిపోవును. పెంటిమొక్క గుబురుగా నుండి, గింజ ముదురువఱకు నిలుచును. పూర్వము ఐరోపా రైతులు దీనిని తలక్రిందుగా తలచి, సన్నగా నుండు పోతుమొక్కనే ఆడుదియని పిలిచిరి. ఆంగ్లమున దాని నారకు గల పాతపేరు లోనికిని ఈ పొరపాటు ప్రవేశించినది. చెట్లలో ఆడు మగ భేద ముండునని 1694 లో ప్రకటించిన కమెరారియస్ అను జర్మను వైద్యుడు పరీక్షించిన మొక్కలలో ఆముదము, మొక్కజొన్నలతోపాటు గంజాయి కూడ నుండెను. పోతుమొక్కలను దూరము చేసినను పెంటిమొక్కలపై కొన్ని గింజలు కట్టుట చూచి యాతడు విసుగు చెందెనట. పెంటిమొక్కపై అప్పుడప్పుడు కొన్ని పోతుపూవులు పుట్టుట గలదని తరువాత వారు తెలిసికొనిరి.

ఈ భేదమునకు మూలము కణములలోని క్రోమోజోములు. ఈ మొక్కకు పది జతల క్రోమోజోము లుండును. వానిలో తొమ్మిది జతలు అన్ని మొక్కలకును సమానము. పదియవ జతలో పెంటిమొక్కకు రెండు ఎక్స్ క్రోమోజోములును, పోతుమొక్కకు ఒక ఎక్స్, ఒక వై యును ఉండును, మనుష్యులలో వలెనే. కావున సాధారణపు విత్తనములు నూఱు మొలచినచో సుమారు సగము పోతులు, సగము పెంటులు. గింజ రూపమును గాని, రంగును గాని, మచ్చలను గాని చూచి ఇది పోతగునా పెంటియగునా యని చెప్పుట యెవ్వరి తరమును కాదు. గుండ్రని గింజ పెంటిదనియు మొనదేలిన గింజ పోతుదనియు చెప్పుట కేవలము కల్పన. గింజ చిప్ప రూపము తల్లిమొక్క నుండి వచ్చినది. లోని పిలక లింగమును తండ్రి పుప్పొడి నిర్ణయించినది. ఒకదానిని చూచి రెండవదాని నెట్లు తెలిసికొందుము?

పరదేశములలో అన్నియు పెంటిమొక్కలే యగు విత్తనములని యెక్కువ వెలకు అమ్ముచున్నారు. అందులో మాయ యేమియు లేదు. కొన్ని వెండి లవణముల ప్రభావమున పెంటిమొక్క పోతుపూవులు పూయును. ఆ పూవుల పుప్పొడిలో వై క్రోమోజోము ఉండుటకు వీలులేదు. కావున వాని సంతతి యంతయు పెంటులే. ఇది విత్తన తయారీలోని యొక పద్ధతియే గాని ప్రత్యేకమైన వంగడము కాదు.

మత్తు ఎక్కడనుండి వచ్చును?

మొక్కలోని మత్తుపదార్థమునకు టీ.హెచ్.సీ. అని సంక్షేపనామము. దాని రసాయన నిర్మాణమును 1964 లో గావోనీ, మెచౌలమ్ అను ఇస్రాయేలు దేశపు శాస్త్రజ్ఞులు తేల్చిరి. మత్తులేని మఱియొక పదార్థము సీ.బీ.డీ. ఈ రెండును మొక్కలో ఒకే ముడిపదార్థమునుండి తయారగును. ఒకే చెఱకు రసమునుండి ఒకడు బెల్లము వండును, వేఱొకడు పంచదార తీయును గదా. అట్లే మొక్కలో నే పాకకర్త యున్నాడను దానిని బట్టి ఫలితము మాఱును. ఆ పాకకర్తలే ఎంజైములు. వానిని నియమించునవి జన్యువులు.

డి మేయర్ అను శాస్త్రజ్ఞుడును అతని సహచరులును 2003 లో ప్రకటించిన సంకరణ పరీక్షలలో ఈ సంగతి స్పష్టమైనది. శుద్ధమైన మత్తు వంగడమును, శుద్ధమైన మత్తులేని వంగడమును కలిపినప్పుడు మొదటితరము మొక్క లన్నిటిలోను రెండు పదార్థములును కలసియుండెను. ఆ మొక్కల సంతతిని విత్తగా నాలుగింట నొకటి మత్తుదిగను, నాలుగింట రెండు మిశ్రమముగను, నాలుగింట నొకటి మత్తులేనిదిగను వచ్చినవి. బఠాణీలతో మెండెలు కనుగొనిన సూత్రమే యిది. తరువాత వంశపటమును విప్పి చూచినవారు, ఇవి ఒకే జన్యువు యొక్క రెండు రూపములు కాక, పక్కపక్కనే యుండి జతగా సంక్రమించు వేర్వేఱు జన్యువులని కనుగొనిరి. సేద్యగానికి మాత్రము ఫలితములో భేదము లేదు.

దీనినుండి రైతు గ్రహింపవలసిన దేమి? మత్తులేని వంగడమును ఒకడు ఎంత శ్రద్ధతో విత్తినను, గాలివాటున వచ్చిన వేఱు పుప్పొడి దానిపై పడినచో, మఱుసటి యేట ఆ గింజలనుండి లేచిన మొక్కలలో మిశ్రమములు కలియును; దాని మఱుసటి యేట నిండు మత్తుమొక్కలే లేవవచ్చును. ఈ పుప్పొడి కొలది గజములు పోయి ఆగునది కాదు. 1990 దశకమున దక్షిణ స్పెయిను దేశపు మాలగా ప్రాంతమున గాలిని పరీక్షించినవారికి సముద్రము దాటి మొరాకో నుండి వచ్చిన గంజాయి పుప్పొడి చిక్కినది. అందుచేతనే శుద్ధమైన విత్తనము కావలెనన్న చేనికి చేనికి నడుమ కిలోమీటర్ల కొలది దూరము విడుతురు. మన సజ్జ చేలకు విడుచు దూరము దీనిముందు లెక్కలోనిది కాదు.

మఱియొక సూక్ష్మము గలదు. అనేక దేశములలో ఎండిన పూత తూకమున టీ.హెచ్.సీ. నూటికి 0.3 పాళ్లకు మించరాదని నియమము. ఉత్తరాఖండమున కూడ నదియే కొలత. ఈ సంఖ్య 1976 లో స్మాల్, క్రాంక్విస్ట్ అను వృక్షశాస్త్రజ్ఞులు మొక్కలను వర్గీకరించుటకై గీచిన గీత. మత్తు కలుగుట కిది హద్దు అని వారు చెప్పలేదు. వర్గీకరణకు గీచిన గీత చట్టముగా మాఱినది. ఇంతకును రైతు కష్టమేమనగా, మత్తులేని వంగడము కూడ సీ.బీ.డీ. ని చేయుచు, సుమారు ఇరువది ముప్పది పాళ్లకు ఒక పాలు చొప్పున టీ.హెచ్.సీ. ని విడుచుచుండును. జన్యువులు నిర్ణయించునది ఈ నిష్పత్తిని మాత్రమే. మొత్తపు పరిమాణము నేల, ఎండ, పూత ముదురుటను బట్టి హెచ్చును. కావున నిష్పత్తి మాఱకయే, పైరు బాగుగా పండుట చేతనే హద్దు దాటుట గలదు. అమెరికాలో 2018 నాటి వ్యవసాయ చట్టము క్రింద ఈ పైరు వేసినవారిలో పెక్కురు ఇట్లే హద్దు మీఱి చేలను దున్నించుకొనిరి. బాగుగా పండుటయే నష్టకారణమగు పైరు ప్రపంచమున మఱియొకటి కలదో లేదో మేమెఱుగము.

ఇక వంగడముల పేరుల సంగతి. మన్యపు ప్రాంతములలో శీలావతి యను పేర నొక రకము చలామణి యగుచున్నట్లు పత్రికలలో చదువుచున్నాము. విదేశపు జాబితాలలో నిట్టి పేరులు వేలకొలది. ఐతే 2015 లో ప్రకటితమైన యొక పరిశోధనలో, ఒకే పేరుతో నమ్మబడిన నమూనాలు తఱచు వంశములో వేఱుగా నుండెననియు, ఇండికా, సటైవా యను వర్తకుల విభజన వంశభేదముతో సరిగా పొసగలేదనియు తేలినది. కారణము తెలిసినదే. చట్టవిరుద్ధమైన వర్తకమున విత్తన ధ్రువీకరణము లేదు, చీటీ లేదు, అడుగువాడును లేడు. మన వరి విత్తనపు సంచిపై చీటీ యున్నప్పుడే బెరకు మొక్కలు వచ్చుచుండగా, చీటీలేని గింజకు పెట్టిన పేరు నమ్మదగినదా?

నౌగావ్ సంఘము

ఈ మొక్కతో సహకార చరిత్రకు సంబంధ మున్నదని మన పాఠకులలో నెందఱెఱుగుదురో! వంగదేశమున రాజషాహి జిల్లా నౌగావ్ ప్రాంతమున, ఇప్పటి బంగ్లాదేశమున, ప్రభుత్వపు అనుమతితో గంజాయి పండించు మండల మొకటి యుండెను. అక్కడి రైతులు 1917 లో గంజాయి సేద్యగాండ్ర సహకార సంఘమును స్థాపించిరి. అంతకు పూర్వము దళారులు తమ యిష్టము వచ్చిన ధరకు సరకును కొనుచుండగా, సంఘ మేర్పడిన పిమ్మట సరకంతయు సంఘపు గోదాములలో చేరి, ఎక్సైజు వారి తనిఖీలో, అనుమతి గల వర్తకులకే విక్రయింపబడుచుండెను. ఆ లాభములనుండి పాఠశాలలు, వైద్యశాలలు, పశువైద్యశాల, బాటలు ఏర్పడినవి. సహకార చరిత్ర వ్రాయువారు దీనిని సంకోచముతో తడవుట సహజమే గాని, దళారి చేతినుండి రైతు బయటపడిన విధము అందును స్పష్టముగా నున్నది.

మన పాఠమునకు కావలసినది అక్కడి పొద్దారు అను వృత్తివాని సంగతి. 1893-94 లో భారత ప్రభుత్వము నియమించిన హెంపు మాదకముల విచారణసంఘము ఏడు సంపుటముల నివేదికను వెలువరించినది. అందులో నీ పొద్దారులను గూర్చి వ్రాసియున్నారు. పూత రాకమునుపే చేనిలో తిరిగి, కణుపులను చూచి, ఇది పోతు అని గుర్తించి పీకివేయుట వారి పని. గింజ కట్టిన పూత గంజాయి వర్తకమునకు పనికిరాదు గనుక ఒక్క పోతుమొక్క మిగిలినను చుట్టుపట్ల చేలన్నిటికిని నష్టమే. సూక్ష్మదర్శిని లేదు, క్రోమోజోము మాట యప్పటికి పొద్దారులలో నెవరికిని తెలియదు. ఐనను వారి కన్ను పోతునకును పెంటికిని గల భేదమును అందఱికంటె ముందు కనుగొనుచుండెను. మఱియొక సంగతి: పొరుగువాడు తన పోతుమొక్కలను విడిచినచో మన చేను పాడగును. కావున అందఱు నొక్కమాటగా నుండక తప్పదు. గాలిచే పరాగము చెందు పైరు రైతులను సంఘముగా చేర్చుట కిదియే మూలమని మేము తలచుచున్నాము.

ఆ వైభవము నిలువలేదు. 1961 నాటి అంతర్జాతీయ ఒడంబడిక పిమ్మట దేశములన్నియు క్రమముగా నీ సాగును నిలిపినవి; నౌగావ్ సాగు 1980 దశకమున ముగిసినది. ఒకే పైరును, అదియు ప్రభుత్వాజ్ఞపై నాధారపడిన దానిని, నమ్ముకొన్న సంఘపు స్థితి యట్టిది.

మన ప్రాంతమునకును ఆ నివేదికలో చోటున్నది. అప్పటి కృష్ణాజిల్లాలోని బాపట్ల తాలూకాయు, ఉత్తర ఆర్కాటులోని జవ్వాది కొండలును చెన్నపట్నపు రాజధానిలో ఈ సాగునకు ముఖ్యస్థానములుగా నుండెను. ఆ బాపట్లలోనే 1945 లో వ్యవసాయ కళాశాల వెలసినది. నేడా చేలలో ఈ పైరు నెఱిగిన వృద్ధులు కూడ మిగిలియుండరు.

విత్తులను సేకరించుట

ఇప్పుడు రెండవ ప్రశ్న. దేశీయ వంగడములు నశించుచున్న మాట సత్యము. మొరాకో దేశపు రీఫ్ కొండలలో తరతరములుగా నిలిచిన బెల్దియా యను దేశవాళీ వంగడము, 2000 సంవత్సరము తరువాత వచ్చిన పరదేశపు సంకరముల చేత చాలవఱకు వెనుకబడినది. ఆ సంకరములు నీటిని మిక్కుటముగా కోరును. కొండరైతులకు బావులు త్రవ్వుకొనక తప్పలేదు. ఆ దేశము 2021 లో వైద్య, పారిశ్రామిక ప్రయోజనములకు సాగును చట్టబద్ధము చేసిన పిమ్మట, పాత వంగడము కొఱకు మరల వెదకుకొనవలసి వచ్చినది. మన హిమాలయ ప్రాంతములలో, ముఖ్యముగా కుమావూనులో, ఈ గింజను వేయించి పచ్చడి నూఱుకొందురు. కాండపు నారతో గోనెలు, త్రాళ్లు చేసికొందురు. గింజలో మత్తులేదు, మూడింట నొక పాలు వఱకు నూనెయు, నాలుగింట నొక పాలు వఱకు మాంసకృత్తులును గలవు. 2021 లో భారత ఆహార ప్రమాణముల సంస్థ ఈ గింజను, దాని నూనెను, పిండిని ఆహారముగా గుర్తించినది. తినుటకు గుర్తించిరి గాని, విత్తుటకు కాదు. ఈ భేదమును వర్తకులు కావలెననియే మఱచుదురు.

శాస్త్రీయ సంగ్రహణమున గొప్పవాడు రష్యాదేశపు వావిలోవ్. అతడు 1924 లో ఆఫ్గనిస్థానమున సంచరించి అక్కడి అడవి గంజాయిని పరీక్షించెను. ఈ మొక్క మనుష్యుల విడిదులవెంట, పెంటకుప్పల యెరువు గల నేలలో తానై మొలచుచు వచ్చి, తుదకు పైరైనదని యతని యభిప్రాయము. అడవి మొక్క గింజలు చిన్నవి, చిత్రమైన మచ్చలు గలవి, పండగానే రాలునవి. పైరు గింజలు పెద్దవి, కంకినంటి నిలుచునవి. మన వరిలోను జొన్నలోను జరిగిన మార్పు ఇదియే: రాలని గింజనే రైతు ఇంటికి తెచ్చును, తెచ్చినదానినే మరల విత్తును. వావిలోవ్ 1940 లో బంధింపబడి, 1943 లో సరాతోవ్ చెఱసాలలో మరణించెను. లెనిన్‌గ్రాడు ముట్టడిలో అతని సహచరులు కొందఱు విత్తన సంచుల నడుమ ఆకలిచే ప్రాణములు విడిచిరి గాని ఆ గింజలను ముట్టలేదు. అచ్చటి గంజాయి జాతి సేకరణ 1990 దశకమున మరల ఆపదకు లోనైనది. విత్తులు ముసలివైనవి, మరల పండించి క్రొత్త గింజ తీయవలెనన్న, ఒక్కొక్క వంగడమును గాలి కలియని వేర్వేఱు చోటుల వేయవలెను, ధనము లేదు. విదేశపు సహాయముతో కొంత పని సాగినది. వందల వంగడములను ఒక్కొక్కటిగా వేర్పఱచి పండించుట యెంత పనియో ఆలోచింపుడు.

ఒక్క మొక్కనుండి పిడికెడు గింజ తెచ్చి సీసాలో పోయుట సంగ్రహణ మనిపించుకొనదు. పరపరాగ సంపర్కము గల జాతిలో ఏ రెండు మొక్కలును సమానములు కావు. కావున ఏబది మొక్కలకు తక్కువ కాకుండ కొంచెము కొంచెముగా గింజ తీసినప్పుడే ఆ చేని స్వభావము చేతికి వచ్చును. ఏ యూరు, ఎంత యెత్తు, ఏ నేల, ఎవరు దేనికి వాడుదురు, స్థానికముగా నేమందురు అను వివరములు లేని గింజకు విలువ మిక్కిలి తక్కువ. ఇట్లు సేకరించుటకు మన దేశమున అధికారము గల సంస్థ 1976 లో ఏర్పడిన జాతీయ వృక్షజన్యు వనరుల సంస్థ. ఢిల్లీలోని దాని విత్తననిధిలో గింజలను ఆరబెట్టి, గాలి చొరని సంచులలో కట్టి, శూన్యమునకు దిగువ 18 డిగ్రీల చలిలో నుంచుదురు. విదేశీయులు మన జీవసంపదను కొనిపోవలెనన్న 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము చెన్నైలోని జాతీయ ప్రాధికార సంస్థ అనుమతి ముందుగా పొందవలయును. పరదేశపు విత్తులను టపాలో తెప్పించుటకు 2003 నాటి మొక్కల దిగ్బంధన ఉత్తరువు అడ్డుపడును. సొంత వేడుకకై గంజాయి విత్తులను సేకరించి యుంచుదుమను వారి కోరిక ఎంత మంచిదైనను, ఈ పని సంస్థలకు విడువదగినది.

గింజ కేవలముగా నున్నప్పుడు 1985 చట్టపు గంజాయి నిర్వచనమున అది చేరదు. పూతకొనలతో కూడినప్పుడు చేరును. దీనిని పట్టుకొని, గింజ నిరపాయమని విత్తనము అమ్మువాడు చెప్పును. అతడు చెప్పనిది, ఆ గింజను మట్టిలో నుంచినంతనే నేరము కొన్నవానిదగునని. పెరటిలోని ఒక్క మొక్కకును ఇది వర్తించును. అంతేకాదు, తన భూమిలో నెవరైన అక్రమముగా ఈ మొక్కను పెంచుచున్నట్లు తెలిసియు అధికారులకు తెలుపని భూస్వామి కూడ శిక్షార్హుడు. భూమిని కౌలుకిచ్చి పట్నమున నుండు సభ్యులు ఈ సంగతిని గుర్తుంచుకొనవలయును. 2021 చివర ఆంధ్రప్రదేశ్ పోలీసులు పరివర్తన యను పేర విశాఖ మన్యమున వేలాది ఎకరముల పైరును నఱికించిరి. పెట్టుబడి పెట్టినవారు దూరపు పట్నములలో నుందురు. చేనిలో దొరకునది గింజయు బయానాయు పుచ్చుకొన్న కొండరైతే.

కావున ఎవరైన అనుమతి గల పారిశ్రామిక సాగు అని చెప్పి వచ్చినచో మన సభ్యులు అడుగవలసిన ప్రశ్నలు కొన్ని గలవు. అనుమతి యే రాష్ట్ర ప్రభుత్వము, ఎవరి పేర, ఏ సర్వే నంబరునకు ఇచ్చినది? ఉత్తరాఖండపు కాగితము గుంటూరు పొలమునకు చెల్లదు. విత్తనపు తల్లి వంగడ మేది, ఎచ్చట నెంత దూరము విడిచి పండించినది? పరీక్ష చేయువా రెవరు? హద్దు దాటి పైరును తగులబెట్టవలసి వచ్చినప్పుడు నష్టమెవరిది? ఈ కడపటి ప్రశ్నకు వ్రాతమూలకమైన జవాబు వచ్చువఱకు వ్రేలిముద్ర గాని, చేవ్రాలు గాని చేయరాదు.

విత్తన సంగ్రహణమున నిజమైన మక్కువ గల సభ్యులకు జనుము, గోగు చేతిలోనే యున్నవి. గోగు చాలవఱకు తన పుప్పొడితోనే గింజ కట్టును గనుక, మంచి మొక్కల గింజను వేఱుగా తీసినచో మఱుసటి యేట అదే వంగడము నిలుచును. జనుము అట్లు కాదు. తుమ్మెదలు వచ్చి పూవును త్రొక్కినగాని గింజ కట్టదు, అవి యొక చేని పుప్పొడిని మఱియొక చేనికి మోయును. కావున జనుము గింజను చేని నడిమి భాగమునుండి, చాల మొక్కలనుండి తీయవలెను. 2001 నాటి చట్టము రైతు తన గింజను దాచుకొనుటకును, విత్తుటకును, ఇచ్చిపుచ్చుకొనుటకును హక్కు నిచ్చినది. రక్షిత వంగడమును వ్యాపార చిహ్నముతో నమ్ముట మాత్రము కూడదు. గింజలోని తేమ నూటికి ఒక పాలు తగ్గిన దాని యాయువు రెట్టింపగును. నిలువ యుంచు చోట వేడిమి అయిదు డిగ్రీలు తగ్గినను రెట్టింపగును. ఇది హారింగ్టన్ అను విత్తన శాస్త్రజ్ఞుడు చెప్పిన స్థూలమైన లెక్క. నీడలో మూడు నాలుగు దినములు ఆరబెట్టి, పంటిక్రింద పటుక్కున విఱుగునట్లైన పిమ్మట, అడుగున పొడి బూడిద పోసిన గాజుసీసాలో గుడ్డమూటగా నుంచి, మూత కంచున మైనము పోసి, ఇంటిలో మిక్కిలి చల్లనైన మూలను పెట్టవలెను. చీటీపై ఊరు, చేను, కోసిన తేది, ఎన్ని మొక్కలనుండి తీసినది వ్రాసి, ఒక చీటీని సీసాలోపల కూడ నుంచుడు; పైచీటీని ఎలుకలు కొఱుకుట గలదు.